టీ.సీ.లో రాయని బలం
బడులు మారిన పిల్లల కథ, అల్లూరి నుంచి నేటి దాకా

విశాఖపట్నం: ఏడాది నడుమ ఒక కుర్రాడు కొత్తగా బడిలో చేరతాడు. చివరి బెంచీలో చోటు చూపిస్తారు. ఎవరితోనూ మాట్లాడడు. తరగతిలో పెత్తనం చెలాయించే జట్టు అతడిని ఆటపట్టిస్తుంది, పుస్తకాలు విసిరేస్తుంది. అన్నీ ఓర్చుకుంటాడు. ఒకనాడు ఆ ఓర్పు తీరిపోతుంది. అప్పుడు తెలుస్తుంది అందరికీ, ఆ కుర్రాడిలో ఉన్న సత్తువ ఎంతటిదో. సినిమా హాలంతా ఈలలు, చప్పట్లు.

ఇటువంటి కథలకు మన జగదాంబ సెంటరు హాళ్ళలో ఏనాడూ కరువు లేదు. 1989లో వచ్చిన ‘శివ’లో కాలేజీకి కొత్తగా వచ్చిన విద్యార్థి సైకిలు చెయిను లాగిన దృశ్యం చూసి, ఊళ్ళలో ఎన్ని సైకిళ్ళ చెయిన్లు ఊడాయో చెప్పలేము. ఇప్పటి పిల్లలు జపాను, కొరియా దేశాల బడి కథలను సెల్‌ఫోన్లలో చూస్తున్నారు. వాటిలోనూ ఇదే కుర్రాడు, ఇదే చివరి బెంచీ. భాష మారినా పిల్లల మనసుకు పట్టే సంగతి మాత్రం ఒకటే. తనను తక్కువగా చూసిన చోట తానేమిటో ఒక్కసారి చూపించాలన్న కోరిక ఏ ఊరి పిల్లవాడికైనా ఉంటుంది.

అయితే ఈ కథకు నిజమైన నాయకులు మన జిల్లాలోనే ఉన్నారు. వారి పేర్లు పాఠకులందరికీ తెలిసినవే. వారు బడులు మారిన పిల్లలన్న సంగతి మాత్రం తక్కువమంది గుర్తు పెట్టుకున్నారు.

ఊరికొక బడి

భీమిలికి చేరువలో, గోస్తనీ నది ఒడ్డున పాండ్రంగి అనే గ్రామం ఉన్నది. పద్మనాభం మండలంలోని ఆ ఊళ్ళో, తాతగారి ఇంట 1897 జూలై 4వ తేదీన అల్లూరి శ్రీరామరాజు జన్మించారు. తరువాతి కాలంలో లోకమంతా సీతారామరాజు అని పిలిచింది ఈయననే. తండ్రి వెంకటరామరాజు గారిది భీమవరం దగ్గరి మోగల్లు. వృత్తి ఫొటోలు తీయడం. రాజమండ్రిలో కాపురం ఉండేవారు. దారిన పోయే తెల్లదొరకు పిల్లవాడు సలాము కొట్టాడని ఆ తండ్రి మందలించినట్లు పెద్దలు నేటికీ చెప్పుకుంటారు.

1908లో గోదావరి పుష్కరాలు వచ్చాయి. ఆ జనసందోహంలో కలరా వ్యాపించింది. వెంకటరామరాజు గారు ఆ జబ్బుతోనే పోయారు. అప్పటికి పిల్లవాడికి పదకొండేళ్ళు. తల్లి సూర్యనారాయణమ్మ గారి మీద ముగ్గురు పిల్లల భారం పడింది. అక్కడి నుంచి మొదలైంది బడులు మారడం.

ఆ జాబితా చూస్తే ఈనాటి బదిలీ ఉద్యోగుల పిల్లలకు కూడా ఆశ్చర్యం కలుగుతుంది. భీమవరంలో కొంతకాలం. పక్కనున్న కొవ్వాడ నుంచి రోజూ నడిచి బడికి పోవడం. మళ్ళీ రాజమండ్రి. తరువాత రామచంద్రపురం. ఆపైన కాకినాడ పిఠాపురం రాజా వారి హైస్కూలు. తల్లి తునిలో కాపురం పెట్టారు. పిల్లవాడు విశాఖపట్నం వచ్చి శ్రీమతి ఎ.వి.ఎన్. కళాశాల బడిలో నాలుగో ఫారంలో చేరాడు. అంటే ఈనాటి లెక్కకు తొమ్మిదో తరగతి. అక్కడా నిలవలేదు. పినతండ్రి రామకృష్ణంరాజు గారు తాసిల్దారు. ఆయన నర్సాపురం తీసుకుపోయి టైలర్ హైస్కూలులో చేర్పించారు. అక్కడితో చదువు ఆగిపోయింది. ఈ తిరుగుడులో తరగతి తప్పడం కూడా జరిగింది.

ఒక్కసారి ఆ రోజుల విశాఖపట్నాన్ని తలచుకోండి. రేవు ఇంకా లేదు. ఓడల రేవును 1933లో గాని ప్రారంభించలేదు. ఉక్కు మాట ఎవరి ఊహలోనూ లేదు. తండ్రి లేని పదిహేనేళ్ళ కుర్రాడు, నాలుగైదు బడులు మారి, నడుమ తరగతులు తప్పి వచ్చాడు. హాజరు పట్టీ చూసిన మాస్టారికి ఏమి కనిపించి ఉంటుంది? బడికి సరిగా రాడు, నిలకడ లేదు అన్న రెండు ముక్కలే కనిపించి ఉంటాయి.

కనిపించని సంగతులు వేరే ఉన్నాయి. ఆ కుర్రాడు నర్సాపురం దగ్గరి చించినాడలో స్నేహితుని ఇంట గుర్రపు స్వారీ నేర్చాడు. తండ్రి వృత్తి అయిన ఫొటోలు తీయడం తెలుసు. జ్యోతిషం, వైద్యం, సంస్కృతం మీద మనసు పోయింది. బడి ఎగ్గొట్టి ఎక్కడెక్కడో తిరిగేవాడు. ఆ తిరుగుళ్ళలో కొండల్లోని మనుషుల కష్టసుఖాలు చూశాడు. వీటిలో దేనికీ పరీక్షలో మార్కులు లేవు.

కాకినాడలో మాత్రం ఒక సహాధ్యాయి ఉండేవాడు. పేరు మద్దూరి అన్నపూర్ణయ్య. తరువాత స్వాతంత్ర్య పోరాటంలో పేరెన్నిక గన్నారు. ‘కాంగ్రెస్’ అనే పత్రికకు సంపాదకత్వం వహించారు. మన్యం పోరాటం జరుగుతుండగా సీతారామరాజును గూర్చి లోకానికి చెప్పిన వారిలో ఆయన ఒకరు. బడులెన్ని మారినా పక్క బెంచీలో ఒక్క స్నేహితుడు దొరికితే చాలునన్న మాటకు ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

బయటపడిన బలం

1916లో ఆయన ఉత్తరదేశ యాత్రకు బయలుదేరారు. మరుసటి ఏడాది కృష్ణదేవిపేట చేరారు. అప్పటికి మన్యంలో పరిస్థితి దారుణంగా ఉన్నది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయాన్ని అడ్డుకున్నది. కట్టె కొట్టినా, ఆకు కోసినా నేరం. రోడ్డు పనులకు కొండవారిని తోలుకుపోయి, కూలి సరిగా ఇవ్వక గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ పెట్టిన బాధలు చరిత్రకెక్కాయి.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణా మీద దాడి జరిగింది. 23న కృష్ణదేవిపేట. 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు ఠాణాలు. 26 తుపాకులు, దాదాపు 2500 తూటాలు చేజిక్కాయి. తీసుకున్న ఆయుధాలకు లెక్క రాసి సంతకం పెట్టి పోయాడు ఆ మనిషి. ముందుగా చెప్పి మరీ దాడి చేసేవాడు. ఆ కబురుకు జనం పెట్టుకున్న పేరు మిరపకాయ టపా. గాం గంటందొర, గాం మల్లుదొర, అగ్గిరాజు వంటి వీరులు వెంట నడిచారు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డు, హైటరు అనే ఇద్దరు పోలీసు అధికారులు హతులయ్యారు. మలబారు పోలీసులు, అస్సాం రైఫిల్సు దళాలు దిగాయి. తలకు పదివేల రూపాయల వెల కట్టారు.

1924 మే 7న కొయ్యూరు వద్ద ఆయనను పట్టుకుని కాల్చివేశారు. ఇరవై ఏడేళ్ళు నిండలేదు. సమాధి కృష్ణదేవిపేటలో ఉన్నది. చెంతనే గంటందొర సమాధి. 2022లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాకు ప్రభుత్వం ఆయన పేరే పెట్టింది. నాలుగో ఫారం దాటని కుర్రాడి పేరును ఇప్పుడు ప్రతి బడిలోనూ పాఠంగా చదువుతున్నారు.

పాతపట్నంలో బక్క కుర్రాడు

బలమంటే కండబలమే కానక్కరలేదు. దానికి నిదర్శనం కూడా ఇదే విశాఖపట్నంలో ఉన్నది. 1892లో తమిళదేశం నుంచి చంద్రశేఖర అయ్యరు అనే ఉపాధ్యాయుడు ఎ.వి.ఎన్. కళాశాలలో పాఠాలు చెప్పడానికి వచ్చారు. వెంట నాలుగేళ్ళ కొడుకు. భాష కొత్త, ఊరు కొత్త. ఆ పిల్లవాడిని పాతపట్నంలోని సెయింట్ అలోషియస్ బడిలో వేశారు. 1847లో పెట్టిన బడి అది. ఆ పిల్లవాడు పదకొండేళ్ళకే మెట్రిక్యులేషను ముగించాడు. తండ్రి పనిచేసే కళాశాలలో ఎఫ్.ఎ. చదివాడు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీకి మారేసరికి పట్టుమని పద్నాలుగేళ్ళు.

అక్కడ మొదటి రోజున ఇంగ్లీషు ప్రొఫెసరు ఎలియట్ దొర ఈ బక్కపలుచని కుర్రాడిని చూసి, తరగతి తప్పి వచ్చాడనుకుని నువ్వు బి.ఎ. విద్యార్థివేనా అని అడిగారట. ఔనని లేచి నిలబడి, వయసు, పేరు చెప్పాడు. ఆ పేరు సి.వి. రామన్. 1930లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి మన దేశానికి తెచ్చిన మనిషి. కొత్త తరగతిలో పిల్లవాడిని పొడుగు చూసి, దుస్తులు చూసి అంచనా కట్టడం ఎంత పొరపాటో ఈ ఒక్క ఉదంతం చెబుతుంది.

కండబలం గలవారూ లేకపోలేదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి గారిని చిన్నతనంలోనే విజయనగరంలో పోలీసు ఉద్యోగం చేసే పినతండ్రి ఇంటికి పంపారు. పుస్తకాల కంటె వ్యాయామం మీద శ్రద్ధ ఎక్కువ. పినతండ్రి దానిని తప్పు పట్టక దారి చూపారు. మద్రాసు సైదాపేటలో శిక్షణ పొంది విజయనగరం హైస్కూలులోనే వ్యాయామ ఉపాధ్యాయులయ్యారు. తరువాత సర్కస్ పెట్టి గుండె మీద ఏనుగును నిలబెట్టుకుని, కదిలే మోటారు కార్లను ఆపి, కలియుగ భీముడనిపించుకున్నారు. వారి విగ్రహం ఇప్పటికీ విశాఖ సముద్రతీరాన ఉన్నది. ఆ పిల్లవాడి ఇష్టాన్ని పినతండ్రి అణచివేసి ఉంటే ఆ విగ్రహం ఉండేది కాదు.

ఈ విలేఖరి చూసిన కుర్రాడు

పెద్దల కథలు చెప్పుకున్నాక ఈ విలేఖరి తన బెంచీ సంగతి కూడా చెప్పక తప్పదు. ఇరవై ఏళ్ళ పైమాట. మా నాన్న ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు పనికి కుదిరి, నర్సీపట్నం రోడ్డు పల్లె నుంచి మమ్మల్ని గాజువాక వైపు తెచ్చాడు. నన్ను అక్కడ ఒక హైస్కూలులో ఎనిమిదో తరగతిలో వేశారు. నా పలుకు విని పిల్లలు నవ్వేవారు. వినాయకచవితి వెళ్ళాక నాకంటే కొత్తవాడు ఒకడు వచ్చాడు. చింతపల్లి పైకొండల నుంచి వచ్చిన పిల్లవాడు. వాళ్ళ నాన్న కాంక్రీటు పనిలో ఉండేవాడు.

నా ఎగతాళి ఆనాటితో తీరిపోయింది. అంతా వాడి మీదికి మళ్ళింది. కొండోడు అని పేరు పెట్టారు. కాళ్ళకు చెప్పులు లేవు. చొక్కా వాళ్ళ నాన్నది కాబోలు, మోకాళ్ళ దాకా వచ్చేది. మాస్టారు ప్రశ్న వేస్తే లేచి నిలబడి ఊరుకునేవాడు. మొద్దు అని ఒక మాస్టారు అన్నారు. మేమందరం నవ్వాము. నేనూ నవ్వాను.

పదో తరగతిలో ఒక జట్టు ఉండేది. చిన్న పిల్లల టిఫిను డబ్బాలు లాక్కోవడం, నీళ్ళు మోయించడం వాళ్ళ పని. ఒకనాడు మధ్యాహ్నం వేపచెట్టు కింద ఆరో తరగతి గుంటడొకడి అన్నం డబ్బాను ఆ జట్టు నాయకుడు కాలితో తన్నాడు. గుంటడు ఏడుస్తూ మెతుకులు ఏరుకుంటుంటే మళ్ళీ చెయ్యెత్తాడు. ఆ చెయ్యి కిందికి దిగలేదు. మా కొండోడు వచ్చి మణికట్టు పట్టుకున్నాడు.

కొట్టలేదు, తిట్టలేదు. పట్టుకున్నాడంతే. పదో తరగతి కుర్రాడు వాడికంటే జానెడు పొడుగు. ‘వదల్రా’ అని కేకలేశాడు. గింజుకున్నాడు. కాసేపటికి ‘వదులు బావు, నొప్పెడతంది’ అని బతిమాలాడు. అప్పుడు వదిలాడు. వంగి ఆ గుంటడితో పాటు మెతుకులు ఏరి డబ్బాలో వేసి, తన అన్నం సగం అందులో పెట్టాడు. ‘తినరా, ఏం కాదు’ అన్నాడు. మూడు నెలల్లో వాడి గొంతు సరిగా విన్నది ఆనాడే.

అంత సత్తువ ఎక్కడిదిరా అని ఆ సాయంత్రం అడిగాను. వాడికి ఆ ప్రశ్నే వింతగా తోచింది. ఏడేళ్ళ వయసు నుంచి కావిడి మోసుకుని కొండ ఎక్కుతూ దిగుతూ ఉన్నాడట. నాన్నతో జీలుగు చెట్లెక్కాడట. సంతకు అడ్డాకుల మోపు నెత్తిన పెట్టుకుని పోయి, ఉప్పు, కిరసనాయిలు తెచ్చేవాడట. వాళ్ళ ఊళ్ళో పిల్లలందరూ అంతేనట.

మరునాడు ఆ పదో తరగతి కుర్రాడి తండ్రి వచ్చాడు. పలుకుబడి గల మనిషి. హెడ్మాస్టారి గదిలోకి మా అందరినీ పిలిచారు. ‘వాడు కొట్టాడా?’ అని అడిగారు. కొట్టాడని జట్టు వాళ్ళు అన్నారు. చెట్టు కింద ఉన్న మేము పదిమందిమి. నా వంతు వచ్చింది. కొట్టలేదండీ అనడానికి రెండు మాటలు చాలు. నాన్న ఉద్యోగం, మళ్ళీ నా మీదికి మళ్ళే ఎగతాళి, అన్నీ గుర్తుకు వచ్చాయి. నేల చూస్తూ నిలబడ్డాను. ఆరో తరగతి గుంటడిని ఎవరూ పిలవలేదు.

కొండోడు నా వైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఎదురుచూసినట్టు కూడా లేదు. వారం తిరక్కుండా వాళ్ళ నాన్న వచ్చి టీ.సీ. పట్టుకుపోయాడు. ఏ ఊరు పోయారో, మళ్ళీ బడిలో చేరాడో లేదో నాకు తెలియదు.

టీ.సీ. కాగితంలో అనేక గడులు ఉంటాయి. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు, చదివిన తరగతి, ప్రవర్తన. వాడి ప్రవర్తన గడిలో ఏమి రాశారోనని నేటికీ అనిపిస్తుంది. తన అన్నంలో సగం పెట్టాడని మాత్రం రాసి ఉండరు. నా కాగితంలో మంచి ప్రవర్తన అని రాశారు.

బదిలీ ఊరు మనది

విశాఖపట్నం బదిలీల ఊరు. రేవు, నౌకాదళం, షిప్‌యార్డు, చమురు శుద్ధి కర్మాగారం, ఉక్కు కర్మాగారం, వీటి కోసం దేశం నలుమూలల నుంచి జనం వస్తారు, పోతారు. ఉక్కు కోసం 1966లో జరిగిన ఆందోళనలో విద్యార్థులే ముందు నిలిచారు. 1971లో శంకుస్థాపన జరిగింది. దానికి భూములిచ్చిన పల్లెలు అరవైకి పైగా ఉన్నాయి. ఆ పల్లెల పిల్లలు కూడా ఒకనాడు కొత్త కాలనీల్లో, కొత్త బడుల్లో చివరి బెంచీ ఎక్కినవారే.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకు కేంద్రీయ విద్యాలయాలు ఉన్నాయి. ఏ ఊరికి బదిలీ అయినా అవే పుస్తకాలు, అదే పాఠం. ఒడిషా నుంచి, శ్రీకాకుళం నుంచి, మన్యం నుంచి వచ్చే కూలి పిల్లలకు ఆ ఏర్పాటు లేదు. పని అయిపోతే మేస్త్రీ ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోవాలి. పిల్లవాడి చదువు బిచాణాతో పాటు కదులుతుంది.

2010 ఏప్రిల్ ఒకటి నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉన్నది. ఎనిమిదో తరగతి లోపు పిల్లవాడు వేరే బడికి మారాలంటే హెడ్మాస్టరు వెంటనే టీ.సీ. ఇవ్వాలి. టీ.సీ. రావడం ఆలస్యమైనా, ఆ సాకుతో కొత్త బడి వారు చేర్చుకోకపోవడానికి వీలులేదు. వయసు రుజువు కాగితం లేదని తిప్పి పంపరాదు. చదువులో వెనకబడిన పిల్లవాడిని అతడి వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని, ప్రత్యేకంగా పాఠం చెప్పి తోటివారితో సమానం చేయాలి. కొట్టడమే గాక మాటలతో మనసు నొప్పించడం కూడా ఆ చట్టం ప్రకారం నిషిద్ధం. మొద్దు అన్న మాట దాని కిందికే వస్తుంది. తల్లిదండ్రులు చాలామందికి ఈ హక్కులు తెలియవు. తెలిసినవారు పక్కింటి కూలివారికి చెబితే అదే మేలు.

చట్టం తలుపు తీయగలదు. బెంచీ మీద పక్కకు జరిగి చోటిచ్చే పని మాత్రం పిల్లలది, వారికి చెప్పవలసిన పెద్దలది. సినిమాలో కొత్త కుర్రాడు పదిమందిని కొడితే తప్ప అతడిని మనిషిగా చూడరు. బతుకులో ప్రతి పిల్లవాడికీ అంత సత్తువ ఉండదు. ఉన్నవాడికి కూడా అది చూపించే అవసరం రాకూడదు.

జూన్‌లో బడులు మళ్ళీ తెరుస్తారు. ప్రతి తరగతిలోనూ ఒకరిద్దరు కొత్తవాళ్ళు గుమ్మం దగ్గర నిలబడి ఉంటారు. మాస్టర్లకు, అమ్మలకు, అయ్యలకు ఈ విలేఖరి విన్నపం ఒక్కటే. మీ పిల్లలు ఇంటికి రాగానే ఎన్ని మార్కులు వచ్చాయని అడగబోయే ముందు, కొత్తగా ఎవరైనా చేరారా, వాడి పేరేమిటి అని అడగండి. మా కొండోడి అసలు పేరు హాజరు పట్టీలో రోజూ పిలిచేవారు. ఎంత తలచుకున్నా ఇప్పుడు నాకు గుర్తుకు రావడం లేదు.